మూలకుళంలో ఒక పూట

ఏ ఊరికి వెళ్ళినా మేము గుడిగోపురం కంటె ముందు పొగగొట్టాన్ని వెతుక్కుంటామని మా శ్రీమతి చేసే ఆరోపణ పాతదే. అందుచేత ఎల్.టి.సి. మీద పుదుచ్చేరి ప్రయాణం నిశ్చయమైనప్పుడు ఆమె ఒక షరతు విధించింది. తిరిగి ఇల్లు చేరేవరకు మేము ఏ కర్మాగారం గేటు దగ్గరా ఆగరాదు. మేమూ ఒప్పుకున్నాము. ఆ మాట ఎందుకు తప్పవలసి వచ్చిందో, తప్పినందువల్ల మాకు ఏమి లభించిందో మన సంస్థ ఉద్యోగ మిత్రులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా శ్రీమతి పుట్టిల్లు యానాం. గౌతమీ తీరాన, చుట్టూ ఆంధ్రదేశం పరచుకొని ఉన్నా, ఆ ఊరి ఫైళ్ళు మాత్రం 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పుదుచ్చేరికి చేరవలసిందే. 1954లో ఫ్రెంచి పాలన అంతమై, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో విలీనమైన నాటి నుంచి పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం ఒకే కేంద్రపాలిత ప్రాంతంగా ఉన్నాయి. పాండిచ్చేరి అన్న పేరు 2006లో పుదుచ్చేరిగా మారింది. చిన్ననాటి నుంచి “పాండిచ్చేరి ఆఫీసు నుంచి ఇంకా ఆర్డరు రాలేదు” అన్న మాట వింటూ పెరిగిన ఆమెకు, ఆ ఆర్డర్లు వచ్చే ఊరు ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక ఉండడం సహజమే కదా!

చెన్నై నుంచి తూర్పు తీర రహదారి మీద పుదుచ్చేరి సుమారు 150 కిలోమీటర్లు. రైలులో వెళ్ళదలచినవారు విల్లుపురం జంక్షనులో దిగితే అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్ల బస్సు ప్రయాణం. మేము చెన్నైలో దిగి, ఎడమ వైపు అప్పుడప్పుడు తొంగిచూసే సముద్రంతో మాట్లాడుకుంటూ బస్సులోనే వెళ్ళాము.

మొదటి రెండు రోజులు మేము ఇచ్చిన మాటకు కట్టుబడే ఉన్నాము. సముద్రతీరపు రాజమార్గంలో గాంధీ మహాత్ముని విగ్రహం వద్ద కూర్చున్నాము. సాయంత్రం కాగానే ఆ దారిలోకి వాహనాలను రానివ్వరు. పసిపిల్లలు, వృద్ధులు నిర్భయంగా నడుస్తూ ఉంటారు. 1836లో వెలిగిన పాత దీపస్తంభాన్ని చూశాము. గళ్ళ నోటుపుస్తకంలో గీసినట్లు తిన్నగా సాగే వీధులను, ఫ్రెంచివారి పేటకు తమిళుల పేటకు నడుమ పారే కాలువను చూశాము. తమిళం, ఫ్రెంచి భాషలలో ఉన్న వీధుల పేర్లను మా అమ్మాయి కూడబలుక్కొని చదువుతూ ఉంటే, యానాంలో కూడా అటువంటి పేర్లు ఉన్నాయని వాళ్ళ అమ్మ గర్వంగా చెప్పింది.

కడలూరు రోడ్డు మీదుగా ఆటోలో పోతున్నప్పుడు మాత్రం మా తల దానంతట అదే ఒక పక్కకు తిరిగింది. ఆంగ్లో ఫ్రెంచి టెక్స్‌టైల్స్ మిల్లు అది. 1898లో స్థాపితమై, 1986లో ప్రభుత్వరంగంలోకి వచ్చి, 2020లో మూతపడింది. మేము ఆటో ఆపమనలేదు. కాని ఈ ఊరి మిల్లులకు మనందరితో సంబంధం ఉన్నదని అమ్మాయికి చెప్పక తప్పలేదు. 1936 జూలై 30న ఇక్కడి మిల్లు కార్మికులు సమ్మెలో ఉండగా ఫ్రెంచి ప్రభుత్వ బలగాలు కాల్పులు జరిపాయి. 12 మంది ప్రాణాలు కోల్పోయారు. మరుసటి సంవత్సరమే ఇక్కడ 8 గంటల పనిదినం చట్టమైంది. షిఫ్టు సైరను మ్రోగగానే సైకిలెక్కి ఇంటికి వచ్చే హక్కు వెనుక ఎవరి రక్తమో ఉన్నదన్న సంగతి మన కాలనీలలో పుట్టి పెరిగిన పిల్లలకు తెలియడం మంచిదే.

మూడవ రోజు మధ్యాహ్న భోజనానికి మా బావమరిది పిలిచాడు. అతడు యానాం నుంచి బదిలీ అయి పుదుచ్చేరిలో ఉద్యోగం చేస్తూ, మూలకుళంలో అద్దెకు ఉంటున్నాడు. ఊరి నడుమనున్న ఇందిరా గాంధీ కూడలి నుంచి పడమటగా, విల్లియనూరు మీదుగా విల్లుపురం పోయే రోడ్డు పట్టుకుంటే రెడ్డియార్‌పాళయం దాటగానే మూలకుళం వస్తుంది. ఒళ్గరై పురపాలక సంఘం పరిధిలోని పేట అది. ‘కుళం’ అంటే తమిళంలో కొలను. రెండు మాటలూ తోబుట్టువులేనని చెవికే తెలుస్తుంది. సముద్రతీరంలోని పసుపు రంగు గోడలు, బోగన్‌విలియా తీగెలు ఇక్కడ కనిపించవు. బస్సులు, బడిపిల్లలు, సామాన్య సంసారుల మేడలు, ముంగిళ్ళలో ముగ్గులు, రోడ్డు పొడవునా దుకాణాలు. యాత్రికులు కెమెరా బయటికి తీయని చోటు. మనవంటి వారు కాపురముండే చోటు.

భోజనాలయ్యాక ఎక్కడి నుంచో ఒక ధ్వని వినిపించింది. గట్టి లోహాన్ని గ్రైండింగు రాయి తాకినప్పుడు పుట్టే ధ్వని. మెత్తని ఉక్కు ఐతే కూస్తుంది. ఇది కీచుమని ఆగుతూ, మళ్ళీ పట్టుకుంటూ ఉన్నది. మా ముఖం చూసి బావమరిది నవ్వాడు.

“బావగారూ, వెనక వీధిలో చిన్న వర్క్‌షాపు ఉందండి. మిల్లుల విడిభాగాలు చేస్తారు. యజమాని మాకు తెలిసినాయనే. అక్కయ్య ఒప్పుకుంటే చూసి వద్దాం.”

అక్కయ్య మా వంక ఒకసారి, తమ్ముని వంక ఒకసారి చూసి, “అది కర్మాగారం కాదు, షెడ్డు కాబట్టి పోనీలే. మేమూ వస్తాం” అన్నది. ఆ విధంగా మా వ్రతం భంగం కాకుండానే భంగమైంది.

రేకుల షెడ్డు. నాలుగు లేతులు, ఒక పెద్ద డ్రిల్లింగు యంత్రం, ఒక గ్రైండరు, మూలగా వెల్డింగు తెర. యజమాని అరవై దాటిన తమిళుడు. తణుకు ప్రాంతపు కోళ్ళ దాణా మిల్లుల చుట్టూ, భీమవరం వైపు చేపల మేత, రొయ్యల మేత మిల్లుల చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకున్న తెలుగు ఆయనది. మేము విద్యుత్కేంద్రంలో బొగ్గు మిల్లులు చూసేవాళ్ళమని తెలియగానే ఆయన మాకు కుర్చీ చూపలేదు, తిన్నగా బల్ల దగ్గరకే తీసుకుపోయారు.

బల్ల మీద ఒక పెద్ద ఉక్కు కంకణం ఉన్నది. దాని చుట్టంతా జల్లెడవలె వందలకొలది రంధ్రాలు. గుళికల మిల్లులో వాడే డై అది. దాణా గాని, రంపపుపొట్టు గాని, నలగ్గొట్టిన వరిగడ్డి గాని ఈ కంకణం లోపల పడుతుంది. లోపల తిరిగే రోలర్లు దానిని రంధ్రాలలోకి బలంగా అదుముతాయి. ఆ ఒత్తిడికి, రాపిడికి వేడి పుడుతుంది. గడ్డిలో, కట్టెలో ఉండే లిగ్నిన్ ఆ వేడికి మెత్తబడి జిగురువలె పనిచేస్తుంది. బయటి వైపున గట్టి గుళికలు రాలుతాయి. రోలరుకు, డైకి నడుమ ఉంచే సందు మిల్లీమీటరులో పదవ వంతు నుంచి మూడు వంతుల వరకే. ఒక దళసరి కాగితం పట్టేంత.

“ఈ డై నాది కాదు సార్, రిపేరుకు వచ్చింది. ఎలా పాడైపోయిందో చూడండి” అని ఆయన టార్చి వేశారు. లోపలి ముఖం చదునుగా లేదు. దుక్కి దున్నిన చేనువలె గాళ్ళు పడి ఉన్నది. కొన్ని రంధ్రాల మూతులు గరాటులవలె వెడల్పయ్యాయి, కొన్ని మూసుకుపోయాయి.

“డై కొత్తది వేశారు. రోలర్లు పాతవే ఉంచేశారు, డబ్బు మిగులుతుందని. పాత రోలరు ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ కొత్త డైని తినేస్తుంది. రెండూ కలిపి మార్చాలి సార్. కలిసే అరగాలి.”

లోపలి ముఖాన్ని సమంగా గ్రైండు చేసి, రంధ్రాల మూతులను తిరిగి సరిచేస్తే ఆ డై మరికొంత కాలం పనిచేస్తుందని ఆయన వివరించారు. అప్పటివరకు దూరంగా నిలబడిన మా శ్రీమతి అమ్మాయితో, “మా అమ్మ విసుర్రాయికి కక్కు కొట్టించేది చూడూ, అదే ఇది” అన్నది. కక్కు అరిగిన విసుర్రాయి పిండి విసరదు, చేతులను మాత్రం విసిగిస్తుంది. ఉలి పట్టుకొని వీధి వెంట వచ్చే మనిషి రాతి ముఖం మీద మళ్ళీ గరుకు తెచ్చి ఇచ్చేవాడు. మా ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని ఆమె ఒక్క మాటలో చెప్పివేసింది.

వరిగడ్డి గుళికలు చేసేవారి డైలు త్వరగా వస్తున్నాయని ఆయన అన్నారు. దానికి కారణం మనకు తెలిసినదే. వరి మొక్క నేల నుంచి సిలికాను పీల్చుకుంటుంది. ఊక కాల్చగా మిగిలే బూడిదలో అత్యధిక భాగం సిలికాయే. అంటే, చూడడానికి మెత్తగా ఉండే గడ్డి లోపల సన్నని ఇసుక దాగి ఉన్నట్లే. బొగ్గుతో పాటు 5 శాతం జీవద్రవ్య గుళికలను మండించాలని 2021లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ విధానం ప్రకటించింది. ఆ నాటి నుంచి ఇటువంటి చిన్న మిల్లుల అరుగుదల మన బాయిలర్ల కథలో కూడా ఒక భాగమైంది.

బొగ్గు మిల్లు సంగతి ఇంతకంటె భిన్నం కాదు. మన రామచంద్రాపురం భెల్ కర్మాగారంలో తయారయ్యే బౌల్ మిల్లులను మనలో చాలామంది చూసే ఉంటారు. పేరులోని 1003 అన్న అంకెకు అర్థం 100 అంగుళాల గిన్నె, 3 రోలర్లు అని. ఆ మూడు రోలర్ల కింద నలిగిన బొగ్గులో సుమారు 70 శాతం, 75 మైక్రాన్ల జల్లెడ గుండా పోయేంత మెత్తగా కావాలి. మన దేశపు బొగ్గులో బూడిద అధికం. ఆ బూడిదలో స్ఫటిక రూపంలో ఉండే క్వార్ట్జ్ రోలర్లను అనునిత్యం గీస్తూ ఉంటుంది. వికర్స్ కొలమానంలో దాని కాఠిన్యం సుమారు 1100. నికెలు, క్రోమియం కలిపిన ‘నైహార్డ్’ పోత ఇనుములోని కార్బైడు కణాలు దానితో దాదాపు సమానం. క్రోమియం శాతం బాగా పెంచిన పోత ఇనుములో ఏర్పడే కార్బైడు కణాల కాఠిన్యం 1500 వరకు ఉంటుంది. క్వార్ట్జ్ వాటిని సులభంగా గీయలేదు. అధిక క్రోమియం రోలర్లు ఎక్కువ గంటలు నిలవడంలోని రహస్యం ఇంతే. ఐతే అంత కఠినమైన వస్తువు పెళుసు కూడా. పెద్ద దెబ్బకు ఓర్వదు. దెబ్బలు తగిలే చోట మాంగనీసు ఉక్కు వాడతారు. 1882లో ఇంగ్లాండులో హాడ్‌ఫీల్డ్ రూపొందించిన ఈ ఉక్కులో 12, 13 శాతం మాంగనీసు ఉంటుంది. దెబ్బ తిన్నకొద్దీ దాని పైపొర గట్టిపడుతుంది.

ఈ చరిత్రలో ఒక చిన్న అధ్యాయం పుదుచ్చేరికి పొరుగునే ఉన్నది. కడలూరు దాటి ఇంకా దక్షిణంగా పోతే పరంగిపేట వస్తుంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జోసయ్య మార్షల్ హీత్ 1830 ప్రాంతంలో అక్కడ ఇనుము పరిశ్రమ నెలకొల్పాడు. అది చివరకు నిలవలేదు. కాని ఉక్కులో మాంగనీసు కలిపితే ప్రయోజనమున్నదని 1839లో పేటెంటు పొందినవాడు ఆ హీతే. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరగించిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారన్న సంగతి కూడా అక్కడ గుర్తుకు వచ్చింది. గట్టి లోహం కోసం మనిషి పడే తపన ఈ తీరానికి, మన గడ్డకు కొత్తది కాదు.

షెడ్డు చివర కిటికీ దగ్గర ఒక నడివయసు స్త్రీ త్రాసు ముందు కూర్చొని ఉన్నది. ఆమె పక్కన దాణా నలగ్గొట్టే హామరు మిల్లు సుత్తులు, అరచేతి వెడల్పు ఉక్కు పట్టీలు, కుప్పగా ఉన్నాయి. వాటి కొనలకు కఠిన లోహపు పూత వేసి ఉన్నది. ఆమె ఒక్కొక్క సుత్తిని తూచి, దాని మీద సుద్దతో బరువు వ్రాసి, సరిసమానమైన దానితో జత చేసి పక్కన పెడుతున్నది. జత దొరకని వాటిని గ్రైండరు దగ్గరకు పంపుతున్నది. కొద్దిపాటి తేడాను కూడా వదలడం లేదు.

“ఇన్ని ఎందుకు తూస్తున్నారు నాన్నా?” అని మా అమ్మాయి అడిగింది.

తిరిగే రోటరుకు ఒక వైపు వేలాడే సుత్తుల బరువు, దాని ఎదుటి వైపు వేలాడే సుత్తుల బరువు సమంగా ఉండాలి. లేకపోతే యంత్రం వణుకుతుంది, బేరింగులు పోతాయి. జవాబు ఇంతవరకే చెప్పాము. చెప్పనిది ఇక్కడ వ్రాస్తున్నాము.

సుమారు 25 సంవత్సరాల క్రితం మేము బొగ్గు సరఫరా విభాగంలో మెయింటెనెన్సు ఇంజనీరుగా ఉన్నాము. వానాకాలపు రాత్రి షిఫ్టు. బొగ్గును 20 మిల్లీమీటర్ల ముక్కలుగా చేసే క్రషరులో ఒక వరుసలో రెండు రింగులు విరిగాయి. అవి కొన్నవి అందరికంటె తక్కువ ధర చెప్పినవారి దగ్గర. కొని మూడు నెలలైనా కాలేదు. స్టోరులో ఉన్నవి కొత్తవి రెండే. బంకర్లు ఖాళీ అవుతున్నాయి, కంట్రోలు రూము నుంచి ఫోను మీద ఫోను. ఆ రెండింటినీ విరిగిన చోట వేయించి, ఎదుటి వరుసలో అరిగిన రింగులను అలాగే ఉంచి నడపమన్నది మేమే. పది నిమిషాలకే నేల అదిరింది. ఆపించి మళ్ళీ విప్పమన్నాము. విద్యుత్తు తీసివేయించాము గాని, రోటరు కదలకుండా బిగింపు వేయించలేదు. సీనియరు ఫిట్టరు ఒకాయన రింగు పట్టుకోవడానికి చేయి లోపలికి పెట్టాడు. బరువు ఎక్కువైన వరుస తనంతట తానే మెల్లగా కిందికి ఒరిగింది. ఆయన కుడి చేతి వ్రేళ్ళు రెండు పోయాయి.

విచారణ జరిగింది. రిపోర్టు వచ్చింది. నష్టపరిహారం కూడా వచ్చింది. రోటరు ఎందుకు ఒరిగిందో మాత్రం మాకే బాగా తెలుసు. ఆ రాత్రి మేము త్రాసును మరచిపోయాము.

యజమానితో మేము ధరల ప్రసక్తి తెచ్చాము. ఆయన వస్తువు ఖరీదు మార్కెటులో మరొకరి దాని కంటె ఎక్కువే. ఆయన నొచ్చుకోలేదు. “కిలోకు ఎంత అని అడుగుతారు సార్. టన్నుకు ఎంత అని అడగరు” అన్నారు. ఉదాహరణకు, లక్ష రూపాయల రోలర్లు 3,000 గంటలు, లక్షా అరవై వేల రోలర్లు 6,000 గంటలు నడుస్తాయనుకుందాము. మొదటివి రెండు జతలు కావాలి, రెండు లక్షలవుతుంది. రెండవ రకంలో నలభై వేలు మిగులు. ఈ లెక్క మన కొనుగోలు విభాగంలో అందరూ చేయగలరు. టెండరులో గంటల హామీ వ్రాసి, హామీ నెరవేరకపోతే కోత విధించే పద్ధతి కూడా కొత్తది కాదు.

కాని ఆ లెక్కలో ఒక పద్దు ఎక్కడా కనిపించదు. రోలర్లు మార్చిన ప్రతిసారీ మిల్లు చల్లారాలి, మూతలు తెరవాలి, టన్నుల బరువున్న భాగాలు గొలుసుల మీద వ్రేలాడాలి. బొగ్గుధూళిలోకి, ఇరుకులోకి మనుషులు దిగాలి. 6,000 గంటలు నిలిచే భాగం ఉంటే మనిషి ఒకసారి దిగుతాడు, లేకపోతే రెండుసార్లు. రెండవసారి దిగకపోవడానికి ఏ టెండరులోను ఖరీదు కట్టము. అరిగిపోవడానికే పుట్టిన భాగాన్ని మంచిది కొనేది, దాని వెనుక ఉన్న యంత్రమూ, యంత్రం వెనుక ఉన్న మనిషీ అరిగిపోకుండా ఉండేందుకే. ఇంజనీరింగు డిగ్రీతో రాని ఈ పాఠం మాకు రెండు వ్రేళ్ళ ఖరీదుకు వచ్చింది. ఆ వ్రేళ్ళు మావి కావు.

బయలుదేరేటప్పుడు యజమాని మా చేతిలో ఒక పాత సుత్తి పెట్టారు. నాలుగు మూలలూ వాడి పారవేసినది. సుత్తి ఒక మూల అరిగితే తిప్పి, మళ్ళీ తలకిందులు చేసి, నాలుగు మూలలనూ వాడుకుంటారు. ఈ సుత్తి నాలుగు మూలలూ గుండ్రంగా, నునుపుగా, సముద్రపు రాయివలె ఉన్నాయి. “ఇది పూర్తిగా పనిచేసింది సార్, ఉంచుకోండి” అన్నారు.

ఆ సాయంత్రం బావమరిది మమ్ములను విల్లియనూరు తీసుకుపోయాడు. మూలకుళం నుంచి అదే రోడ్డు మీద పడమటగా కొద్ది దూరమే. తిరుకామేశ్వరస్వామి ఆలయం ప్రాచీనమైనది, విశాలమైనది. ఇక్కడి రథోత్సవంలో ఫ్రెంచి గవర్నర్లు రథం లాగేవారట. ఆ సంప్రదాయాన్ని నేటికీ లెఫ్టినెంట్ గవర్నరు పాటిస్తారు. కోనేటి మెట్ల మీద కూర్చున్నప్పుడు మా శ్రీమతి, “షరతు తప్పినా ఫరవాలేదు. అక్కడ ఆ త్రాసు దగ్గర మీ ముఖం చూశాను” అన్నది. ఆ రాత్రి క్రషరు సంగతి ఆమెకు తెలుసు. ఇద్దరమూ ఇంకేమీ అనుకోలేదు.

పుదుచ్చేరి వెళ్ళే మిత్రులు సముద్రతీరం, ఆశ్రమం, ఆరోవిల్ తప్పక చూస్తారు. చూడవలసినవే. వీలైతే ఒక పూట మూలకుళం రోడ్డు మీద కూడా నడవండి. చూడడానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు. కాని మనవంటి ఊళ్ళలో వెనుక వీధుల రేకుల షెడ్లలో మన పెద్ద యంత్రాలను నిలబెట్టే చేతులు ఉంటాయని తెలుస్తుంది.

ఇంటికి వచ్చిన పది రోజులకు ఆ సీనియరు ఫిట్టరు మా ఇంటికి వచ్చాడు. రిటైరై చాలా కాలమైంది. మనుమరాలి పెండ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న సుత్తి ఆయన కంట పడింది. మూడు వ్రేళ్ళ చేతితో దానిని తీసుకొని, కొంచెంసేపు అలా తూచినట్లు పైకీ కిందికీ ఆడించి చూశాడు.

“దీని జత ఏదండీ?” అన్నాడు.